గోల తీసేసిన పాట

ఆ సోమవారం అనౌన్సరుకి సెలవు. అయినా ఏడింటికే లేచి, స్నానం చేసి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, ఆ రోజు చెయ్యవలసిన పనులన్నీ ఒక కాగితం మీద టైంటేబుల్లా రాసుకున్నాడు. ఎనిమిదికి డ్రమ్ము. ఎనిమిదిన్నరకి కీబోర్డు. తొమ్మిదికి గొంతు. పదికి పాట తయారు. పది పదిహేనుకి పంపడం. బస్ స్టేషన్లో ఇరవై రెండేళ్ళుగా బస్సుల రాకపోకలు రాసిన చెయ్యి కాబట్టి, ఆ కాగితం అడుగున "అంతరాయమునకు చింతిస్తున్నాము" అని కూడా రాయబోయి తమాయించుకున్నాడు.

సంగతేమిటంటే, ఆయన పనిచేసే రవాణా సంస్థకి తనకంటూ ఒక పాట ఉండాలని బుద్ధి పుట్టింది. ఉద్యోగులే రాయాలి, బాణీ కట్టాలి, రికార్డు చేసి పంపాలి. నచ్చిన పాట ప్రతి ఉదయం ఆరింటికి అన్ని స్టేషన్లలోనూ మోగుతుంది. ఆ సర్క్యులర్ నోటీసు బోర్డెక్కిన రోజునే అనౌన్సరు క్యాంటీన్లో అందరి ముందూ అనేశాడు: "ఇందులో పోటీ ఏముందయ్యా? ఈ సంస్థలో గొంతున్నవాణ్ణి నేనొక్కణ్ణేగా!" తోటివాళ్ళు ఆయన్ని మైకు బాబాయి అంటారు. అది పొగడ్తో కాదో ఆయన ఎన్నడూ విచారించలేదు.

పైకి అనని సంగతి ఇంకొకటి ఉంది. వచ్చే ఏడాది నుంచి అనౌన్స్‌మెంట్లు కంప్యూటరే చెబుతుందని స్టేషన్లో గుసగుసలు. అది నిజమే అయితే, ఇన్నేళ్ళు ఆ పైకప్పు కింద మోగిన గొంతు ఒక్కసారిగా ఆగిపోతుంది. పాటగానైనా అక్కడే ఉండిపోవాలని ఆయన ఆశ. నెల రోజులుగా పొద్దునా సాయంత్రం అదే పాట సాధన చేస్తున్నాడు. ఆఖరు తేదీ ఆ సోమవారమే, సాయంత్రం ఐదు లోపల.

ముందు రోజు బావమరిది వచ్చి కంప్యూటర్లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్ళాడు. అతనిది కంప్యూటర్లు బాగుచేసే షాపు.

"ఇది ఓపెన్ సోర్స్ బావా. ఊరికే వస్తుంది."

"ఊరికే ఎందుకిస్తారు? ఏదో తిరకాసు ఉంటుంది."

"తిరకాసేం లేదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారు. లోపలి రాతంతా బయటే పెడతారు. ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు, ఇంకొకళ్ళకి ఇవ్వొచ్చు."

"అంటే తలుపుల్లేని ఇల్లన్నమాట."

"అవును. కానీ ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఏమీ ఎత్తుకుపోరు బావా, ఊడ్చి తుడిచి పోతారు. చూడు, ఎవరో పుణ్యాత్ములు కూర్చుని మెనూలన్నీ తెలుగులోకి కూడా మార్చిపెట్టారు. ఇదిగో, డ్రమ్మూ కీబోర్డూ ఇందులోనే వాయించుకోవచ్చు. ఇక్కడ నొక్కితే ఒక గీత వస్తుంది. డ్రమ్ము ఒక గీత మీద, కీబోర్డు ఇంకో గీత మీద, నీ గొంతు మూడో గీత మీద. అన్నీ కలిపితే పాట. అంతే."

అనౌన్సరుకి నమ్మకం కుదరలేదు గాని, వేరే దారి లేదు.

వాళ్ళది మేడ మీద రెండు గదుల వాటా. ముందు గది ఇల్లాలిది. ఆవిడ ఇంట్లోనే బట్టలు సరిచేసి ఇస్తుంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ కోట్లు వదులు చెయ్యడం ఆవిడ పని. కిటికీ పక్కన మిషను, దాని వెనక దండెం నిండా పరాయివాళ్ళ బట్టలు. వెనక గదిలో మంచం, బీరువా, కంప్యూటరు.

"ఇవాళ మధ్యాహ్నం దాకా మిషను తొక్కకు. రికార్డింగు" అన్నాడు అనౌన్సరు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ. పాట రికార్డు చెయ్యడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఆవిడ అడగలేదు.

"సరేలెండి. గుండీల పని చాలా ఉంది. చేత్తోనే కదా, చప్పుడుండదు" అంది.

"ఫ్యాను కూడా వెయ్యకు."

"వెయ్యను."

"ఎవరైనా వస్తే..."

"మెట్ల మీదే మాట్లాడి పంపేస్తాను. మీరు పాడుకోండి."

గది గోడలు గొంతుని తిప్పికొడతాయని బావమరిది చెప్పాడు కాబట్టి, దండెం మీద నుంచి ఏడు కోట్లు తెచ్చి మైకు చుట్టూ వేలాడదీశాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. డ్రమ్ము మొదటి గీత మీద బాగానే పడింది. కీబోర్డు కూడా ఫరవాలేదు. తొమ్మిదిన్నరకి గొంతు సవరించుకుని, ఎవరివో ఏడు కోట్ల మధ్య నిలబడి, పాట ఎత్తుకున్నాడు.

"కదిలే చక్రం మనదే, కలిసే దారీ మనదే,
ఎక్కేవారూ మనవారే, దిగేవారూ మనవారే,
సురక్షితముగా మీమీ గమ్యస్థానములకు చేర్చెదము..."

ఈ మూడో లైను బాణీలో పట్టదు. నెల రోజులుగా పట్టడం లేదు. అనౌన్సరు దాన్ని ఊపిరి బిగబట్టి, చివరి బస్సుకి పరుగెత్తేవాడిలా పాడేసేవాడు.

మొదటి టేకు విన్నాడు. గొంతు గంభీరంగా ఉంది. అయితే వెనకాల ఏదో సన్నటి మోత. దోమలా ఉంది, దోమ కాదు. రెండో టేకులోనూ అదే మోత. మూడో టేకు బాగా వస్తోంది అనుకునేసరికి వీధి తలుపు దగ్గర ఎవరో "నడుం దగ్గర రెండంగుళాలు వదులు చెయ్యమన్నానమ్మా, నాలుగు చేశావు, నడుస్తుంటే జారిపోతోంది" అనడం, సరిగ్గా "దిగేవారూ మనవారే" అన్న చోట పడింది. నాలుగో టేకులో మళ్ళీ మోత. పదకొండు దాటింది. టైంటేబుల్ ప్రకారం ఆయన అప్పటికి నలభై అయిదు నిమిషాలుగా విశ్రాంతి తీసుకుంటూ ఉండాలి.

బావమరిదికి ఫోన్ చేశాడు.

"నువ్విచ్చిన సాఫ్ట్‌వేర్లో ఏదో గోల ఉందయ్యా. ఊరికే వచ్చిందంటే అప్పుడే అనుకున్నాను."

"సాఫ్ట్‌వేర్లో ఏముంటుంది బావా? గదిలో ఉన్నదే పడుతుంది. సరే, మెనూలో 'గోల తగ్గించు' అని ఉంది చూడు. నువ్వు పాడని చోట, ఆ మోత ఒక్కటే ఉన్న ముక్క ఎంచుకో. ఇదే గోల అని దానికి చూపించు. అలాంటిదంతా ఏరి పారేస్తుంది."

అనౌన్సరు అలాగే చేశాడు. మోతతో పాటు ఆయన గొంతులో సగం కూడా పోయింది. మిగిలిన సగం నూతిలో పడ్డవాడు సాయం కోసం పాడుతున్నట్టుంది. మళ్ళీ ఫోన్ చేస్తే, "నా వల్ల కాదు గానీ, దీన్ని తయారుచేసినవాళ్ళకే ఒక చర్చా వేదిక ఉంది, తెలుగువాళ్ళూ ఉంటారు. అడిగితే సాయం చేస్తారు. నా పేరు మీద తెరిచే ఉంచాను, రాసెయ్" అన్నాడు.

అనౌన్సరు చదువుకున్న భాషంతా కూడగట్టి రాశాడు: "అయ్యా, ఇందుతో జతపరచిన పాటలో ఒక గోల వినబడుచున్నది. అది ఎచ్చటిదో తెలియరాకున్నది. సాయంత్రం ఐదు గంటల లోపల దయతో గోలను తొలగించి, పాటను మాత్రము పంపగలరు." కింద ఏదో ప్రశ్న వచ్చింది. పాట బాగా కుదిరితే దాన్ని కొత్తవాళ్ళకి పాఠంగా పెట్టుకోవచ్చా అని. తన పాట నలుగురికీ పాఠమవుతుందంటే కాదనేదేముంది? సరే అని నొక్కేశాడు.

అప్పటికీ మనసు ఊరుకోలేదు. ఆ గోలేమిటో పట్టుకోవాలని పంతం పుట్టింది. అదే మెనూలో 'తీసేసినది మాత్రమే వినిపించు' అని ఇంకొకటి కనిపించింది. హెడ్‌ఫోన్లు చెవులు నొక్కేస్తున్నాయని తీసేసి, స్పీకర్లు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, దాన్ని నొక్కాడు.

గదిలో ఒక గొంతు పాడింది.

సన్నగా, తొణక్కుండా, పనిలో ఉన్న మనిషి పాడుకునే పాట. మాటలు ఆయనవే. "కదిలే చక్రం మనదే" అని మెల్లగా మొదలై, "దిగేవారూ మనవారే" దగ్గర కాస్త ఆగి, దారం తెంపినట్టు చిన్న చప్పుడు వచ్చి, మళ్ళీ అందుకుంది. మూడో లైను దగ్గర ఆ గొంతు ఆయన రాసిన మాటల్ని పక్కన పెట్టి, "చేరేదాకా తోడుంటాం" అనుకుంటూ హాయిగా దాటిపోయింది. నెల రోజులుగా పట్టని బాణీ అక్కడ చక్కగా పట్టింది.

తల తిప్పి చూస్తే గుమ్మంలో ఇల్లాలు. చేతిలో సూది, సూదికి వేలాడుతూ ఒక గుండీ.

"అది నా గొంతు కదండీ?" అంది ఆవిడ. మొహంలో ఆశ్చర్యంతో పాటు కాస్త సిగ్గు కూడా ఉంది. నవ్వబోతున్నట్టుంది కూడా. అప్పుడే ఆవిడ చూపు కంప్యూటరు మీద పడింది. చత్వారం వచ్చిన అనౌన్సరు తెర మీద అక్షరాలన్నీ పెద్దవి చేసుకున్నాడు. ఆవిడ గొంతు నడుస్తున్న గీత పక్కన వేలెడేసి అక్షరాలతో 'గోల' అని ఉంది.

"కాదు కాదు, ఇది కంప్యూటరు చేసే గోల" అన్నాడు అనౌన్సరు కంగారుగా.

"అలాగా. మరి కంప్యూటరు మీ మూడో లైను మార్చి పాడిందే?"

జవాబు లేనప్పుడు ఊరుకోవడం ఉత్తమం. కానీ ఇరవై రెండేళ్ళుగా మైకు ముందు కూర్చున్నవాడికి ఖాళీ దొరికితే ఏదో ఒకటి చెప్పకుండా ఉండటం చేతకాదు.

"అసలు నువ్వు పాడతావని నాకేం తెలుసు?"

"పెళ్ళైన దగ్గర్నుంచి మిషను దగ్గర పాడుకుంటూనే ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు. మీకెప్పుడూ వినపడలేదా?"

"వినపడేది... రేడియో అనుకున్నాను."

"మనింట్లో రేడియో ఎక్కడుందండీ?"

ఆవిడ సూదికున్న గుండీని దారం మీదుగా పైకి లాక్కుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం వడ్డించింది. మంచినీళ్ళు కావాలా అని అడిగింది. కోపం ఉన్నట్టు ఎక్కడా లేదు. అదే ఆయనకి దిక్కుతోచకుండా చేసింది.

రెండింటికి మళ్ళీ మైకు ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ఇల్లు చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది. పొద్దున్నుంచి కోరుకున్న నిశ్శబ్దమే. పాడాడు, విన్నాడు. వెనకాల మోత చుక్కంత లేదు. కానీ పాట రెండో లైనుకే పక్కకి జారిపోయింది. ఇంకోసారి పాడాడు, ఈసారి మొదటి లైనులోనే జారింది. ఆయనకి మెల్లగా అర్థమైంది. ఈ నెల రోజులూ తను సాధన చేస్తున్నాననుకున్నప్పుడల్లా, గోడ అవతలి నుంచి ఆ గొంతు చెవిలో పడుతూనే ఉంది. తెలియకుండానే దాని మీద చెయ్యేసుకుని నడిచాడు. ఇప్పుడది తప్పుకుంది, ఆయన తూలుతున్నాడు.

లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. ఆవిడ గుండీలు కుడుతోంది, పెదవులు బిగించి.

"కాస్త... మామూలుగా నువ్వు పాడుకునేదేదో పాడుకో. నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

ఆవిడ తలెత్తి చూసింది. "ఎందుకులెండి. మళ్ళీ రికార్డులో పడుతుంది" అంది.

నాలుగూ యాభైకి ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, చర్చా వేదిక వాళ్ళు బాగుచేసి పంపించారు! నా మెయిలుకొచ్చింది. ఐదవుతోందని నేనే మీ ఆఫీసుకి పంపేశాను, నీ పేరు మీద."

"నువ్వు విన్నావా?"

"షాపులో జనం. మొదట్లో డ్రమ్ము విన్నాను. బ్రహ్మాండంగా ఉంది. నీకూ పంపాను, విను."

అనౌన్సరు విన్నాడు. డ్రమ్ము ఉంది, కీబోర్డు ఉంది. వాటి మీద, మబ్బు విడిచిన ఎండలా, ఆవిడ గొంతు ఉంది. ఆయన గొంతు లేదు. ఎక్కడా, ఒక్క అక్షరం కూడా లేదు. దానితో పాటు వచ్చిన ఉత్తరం ఇలా ఉంది:

"నమస్కారం. మేం ముగ్గురం కలిసి చేశాం. మాలో ఒకరు లెక్కల టీచరు, ఒకరు నర్సు, ఒకరు పడవ నడుపుతారు. పాడినావిడ గొంతు చాలా బాగుంది, మా నమస్కారాలు చెప్పండి. మీ ఇల్లు బస్టాండు పక్కన ఉన్నట్టుంది. ఎవరో అనౌన్స్‌మెంట్ చేస్తున్నది బాగా పెద్దగా పడింది. పాట పొడుగునా అతను వదల్లేదు. దాన్ని తియ్యడానికే మాకు ఇంతసేపు పట్టింది. ఇలాంటి ఇబ్బంది చాలామందికి ఉంటుంది గనక, మీరు అనుమతించినట్టే దీన్ని పాఠంగా పెట్టాం."

పాఠం పేరు: పాటలోంచి బస్టాండు గోలను తీసెయ్యడం ఎలా?

అనౌన్సరు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. గోడ గడియారం ఐదు కొట్టింది. ఆఫీసుకి ఫోన్ చేసి, పొరపాటు జరిగింది, ఆ పాట నాది కాదు అనొచ్చు. ముందు గదిలోకి వెళ్ళి, నీ పాట నా పేరు మీద వెళ్ళిపోయింది అనొచ్చు. రెండూ చెయ్యలేదు. ఎలాగూ ఎంపిక కాదు కదా, ఎవరికీ తెలియదు అనుకున్నాడు. అది ధైర్యం కాదని, పిరికితనమేనని లోపల తెలుస్తూనే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత పాట ఎంపికైంది.

స్టేషన్లో ఆయన్ని భుజాల మీద ఎత్తుకోలేదు గాని, అంత పని చేశారు. టికెట్ కౌంటరు వాళ్ళు చప్పట్లు కొట్టారు. "బాబాయ్, నీలో ఇంత పాట ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు ఒక డ్రైవరు. పాట స్టేషన్లో ఇంకా ఎవరూ వినలేదు, వచ్చే వారం శుక్రవారం సభలోనే విడుదల. అనౌన్సరు "ఏదో, దేవుడిచ్చిన గొంతు" అన్నాడు. ఎవరికిచ్చిన గొంతో చెప్పలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణం నుంచి అన్నం సయించలేదు. రెండు రోజులు అలా మోశాడు. మూడో రోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది: శుక్రవారం సభలో వేదిక మీద స్వయంగా పాడాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ముందు గదిలో కూలబడి, ఉన్నదంతా చెప్పేశాడు. బావమరిది పంపడం, ఉత్తరం, పాఠం, చప్పట్లు, అన్నీ. బస్టాండు గోల దగ్గర ఆవిడకి నవ్వొచ్చింది. అది ఆపుకోలేక ఒకసారి నవ్వింది కూడా. ఆయన ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆవిడ మళ్ళీ మామూలు మనిషైపోయింది.

"పదకొండు రోజులైంది" అంది.

"చెబుదామనే అనుకున్నాను..."

"ముందు గోలన్నారు. తర్వాత మీ గొంతన్నారు. మరి నాదని ఎప్పుడంటారు?"

గట్టిగా అనలేదు. జిప్పు ఎంత పొడుగు కావాలి అని అడిగినట్టే అడిగింది. అనౌన్సరు ఇరవై రెండేళ్ళలో వేల మంది తప్పిపోయినవాళ్ళ గురించి మైకులో చెప్పాడు. ఎరుపు చొక్కా వేసుకున్న మనిషి, చేతిలో నీలం సంచీ ఉన్న పెద్దావిడ. వాళ్ళెవరో తెలియకపోయినా గుర్తులు చెప్పగలిగేవాడు. పద్దెనిమిదేళ్ళుగా పక్క గదిలో ఉన్న మనిషి గొంతు గుర్తుపట్టలేదు. "రేపే చెబుతాను" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాఫీసుకి వెళ్ళాడు. పోటీ చూసిన మేనేజరమ్మ గది బయట బల్ల మీద గంటసేపు కూర్చున్నాడు. ఉద్యోగం మాటేమోగాని, పరువు పోవడం మాత్రం ఖాయమనుకున్నాడు. లోపలికి పిలిచాక నిలబడే మొదలుపెట్టాడు.

"మేడమ్, ఆ పాట విషయంలో ఒక తప్పు జరిగింది. అందులో ఉన్న గొంతు నాది కాదండి."

మేనేజరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"తెలుసండీ" అంది.

"తెలుసా?"

"ఇరవై రెండేళ్ళుగా స్టేషన్లో మీ గొంతు వింటున్నాం. మాకు తెలియదా? మీ పేరు చూడగానే కమిటీలో ముగ్గురు తర్వాత విందామన్నారు. నేను మొహమాటానికి పెట్టాను. అది మీ గొంతు కాదని తేలాకే అందరం పూర్తిగా విన్నాం." కాస్త ఆగి, అన్నది మరీ గట్టిగా అన్నానేమో అనుకున్నట్టు, "పాట మాత్రం బాగా రాశారు. ఆ మూడో లైను ముఖ్యంగా" అంది.

"మూడో లైను కూడా నాది కాదండి."

"మరి ఇన్ని రోజులూ ఎందుకూరుకున్నారు? మీరే వచ్చి చెబుతారని మేం ఎదురుచూస్తున్నాం. శుక్రవారం మిమ్మల్ని పాడమని కబురు పెట్టింది అందుకే." ఆవిడ ఒక కాగితం ముందుకు తోసింది. "గాయకుడు అన్న చోట కొట్టేసి, పాడినావిడ పేరు రాయండి."

అనౌన్సరు రాశాడు. ఆవిడ పేరు పూర్తిగా ఎప్పుడు రాశాడో గుర్తులేదు. రేషను కాగితాల్లోనూ అద్దె కాగితాల్లోనూ ఎప్పుడూ 'భార్య' అనే రాసేవాడు. రెండో అక్షరం దగ్గర దీర్ఘమా కాదా అని ఒక్క క్షణం ఆగవలసి వచ్చింది. ఆ క్షణం సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

శుక్రవారం ఆవిడ సభకి వచ్చింది. మంచి చీర కట్టుకుంది. వేదికెక్కింది. దండ వేయించుకుంది. పాడమని మైకు చేతికిస్తే మాత్రం, దాన్ని కొలత తీసుకునే టేపులా దూరంగా పట్టుకుని, "ఇది గుండీలు కుట్టుకుంటూ పాడింది. ఊరికే నిలబడి పాడటం నాకు రాదండీ, ఏమనుకోకండి" అని చెప్పి వెనక్కి ఇచ్చేసింది. హాలంతా నవ్వులు, చప్పట్లు. రికార్డే వేశారు. పాట మధ్యలో దారం తెంపిన చప్పుడు వచ్చినప్పుడు ముందు వరుసలో ఎవరో "అదేం వాయిద్యం?" అని పక్కవాణ్ణి అడిగారు. అనౌన్సరు తల వంచుకుని విన్నాడు. ఆయన రాసిన మాటల్ని ఆవిడ గొంతు ఎక్కడా తడబడకుండా దాటించుకుపోతోంది.

ఆ తర్వాత నుంచి ప్రతి ఉదయం ఆరింటికి వాళ్ళ స్టేషన్లో ఆ పాట వేసే పని అనౌన్సరుదే. మీట నొక్కుతాడు. పైకప్పు కింద గొంతు లేస్తుంది. టీ తాగుతున్నవాళ్ళు ఒక క్షణం కప్పు దించుతారు. పెట్టె మీద కునికే ప్రయాణికులు కళ్ళు తెరుస్తారు. ఆ మూడు నిమిషాలూ ఆయన మైకు ఆపేసి కూర్చుంటాడు. చర్చా వేదికలో ఆ పాఠం కింద ఎవరెవరో రాసిన మాటలు కూడా రోజూ చూసుకుంటాడు. పాడినావిడ ఇంకేమైనా పాడారా అని అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో ఆయనకి తెలియదు.

ఎందుకంటే ఇంట్లో పాట లేదు. ఆవిడకి పగ లేదు, అలక లేదు. మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఆయన చొక్కా గుండీ ఊడితే కుట్టి పెడుతుంది. మిషను మాత్రం ఒంటరిగా నడుస్తుంది. ఆయన మైకు తీసి బీరువాలో దాచేశాడు. కంప్యూటరు మీద గుడ్డ కప్పాడు. ఒక రోజు కావాలని ఒక లైను తప్పుగా పాడి చూశాడు, సరిదిద్దుతుందేమోనని. ఆవిడ "గొంతు బాగాలేదా?" అని అల్లం టీ పెట్టి ఇచ్చింది. ఇంకో రోజు నేరుగా, "తప్పైపోయింది" అన్నాడు. "అయ్యో, దానికేముందండీ" అంది ఆవిడ. నిజంగానే అంది. కావాలని ఆపిందైతే బతిమాలి మొదలుపెట్టించవచ్చు. తనకి తెలియకుండా పాడే మనిషికి ఒకసారి తెలిసిపోయాక, ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?

రెండు నెలలు గడిచాక, ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తూ, మెట్ల మలుపు దగ్గర అనౌన్సరు ఉన్నచోటే ఆగిపోయాడు. పైన మిషను నడుస్తోంది. దానితో పాటు, సన్నగా, పాట. ఆయన రాసింది కాదు. ఇంకేదో, ఆయనకి తెలియనిది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు పాడిందో ఆ పాట. మొదటిసారి వింటున్నాడు.

ఒక మెట్టు ఎక్కాడు. చెప్పు కిర్రుమంది. పాట ఆగింది. "వచ్చారా?" అని పైనుంచి కేక.

మర్నాటి నుంచి ఆయన మెట్ల కింద చెప్పులు విప్పేసి, చేత్తో పట్టుకుని, మలుపు దాకా ఎక్కి అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాడు. కింది వాటా ఆవిడ చెత్త పారెయ్యడానికి బయటికొచ్చి, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని చీకటి మెట్ల మీద కూర్చున్న మనిషిని చూసి "ఏమైందండీ?" అనబోయింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. చెప్పులతో సహా. ఆవిడ ఏమనుకుందో ఏమో, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

అలా రోజూ అరగంట. పాట అయ్యాక దిగి, చెప్పులు తొడుక్కుని, చప్పుడు చేసుకుంటూ మళ్ళీ ఎక్కేవాడు.

"ఈ మధ్య రోజూ ఆలస్యమవుతోందే?" అంది ఇల్లాలు ఒక సాయంత్రం, దారం కొరుకుతూ.

"అవును. బస్సులన్నీ అరగంట లేటుగా నడుస్తున్నాయి" అన్నాడు అనౌన్సరు.

ఆ రోజు స్టేషనుకి రావలసిన బస్సులన్నీ సరిగ్గా వేళకే వచ్చాయి.